కాక నవ్విన ఫొటో

మా ఇంట్లో ఉన్న ఒక ఫొటోను మా ఇంట్లోనే ఉన్న ఇంకో కంప్యూటర్‌లోకి తెచ్చేసరికి నాకు రెండు రాత్రులు పట్టింది. రెండింటి మధ్య దూరం పది అడుగులు ఉంటుందేమో. నేను చదివేది కంప్యూటర్ సైన్స్, ఫైనలియర్. ఈ సంగతి మా క్లాసులో ఎవరికీ చెప్పలేదు. మీకే చెప్తున్నా.

మాది శ్రీరాంపూర్. బాపు సింగరేణిలో అండర్‌గ్రౌండ్ కార్మికుడు. మాకు రెండు క్వార్టర్ల అవతల కాక వాళ్లుండేది. సొంత కాక కాదు, బాపుతో ఒకే బాయిల పని. బాపు నైట్ షిఫ్టులో ఉన్నప్పుడు నాకు జ్వరమొస్తే దవాఖానకు ఎత్తుకపోయింది కాకనే. 2021లో కరోనా రెండో వేవ్‌లో పోయిండు. ఆ తర్వాత చిన్నమ్మ, చెల్లె క్వార్టర్ ఖాళీ చేసి నస్పూర్‌లో కిరాయికి పోయారు.

మొన్న చెల్లె పెండ్లి కుదిరింది. పెండ్లికి ఇంకా ఆరు రోజులుందనగా, నేను హాస్టల్ నుంచి ఇంటికొచ్చిన రోజే, చిన్నమ్మ కార్డు ఇవ్వడానికి వచ్చింది. వెంట చెల్లె కూడా. చాయ్ తాగుతూ చెల్లె మెల్లగా అడిగింది.

"అక్కా, మా బాపు నవ్విన ఫొటో మీ ఇంట్ల ఏమన్నా ఉన్నదా?"

వాళ్ల దగ్గరున్నది ఒక్కటే ఫొటో. ఐడీ కార్డు కోసం దిగింది. దినాలప్పుడు దాన్నే పెద్దగా చేయించి దండ వేసిన్రు. అందులో కాక, ఎవరో అప్పుడే తిట్టినట్టు, బిగుసుకుపోయి ఉంటాడు. మిగతా ఫొటోలన్నీ కాక ఫోన్‌లో ఉన్నయి. ఆ ఫోన్‌కు ప్యాటర్న్ లాక్. అది ఎవరికీ చెప్పకుండానే పోయిండు. (ఈ లైను చదివాక మీ ఇంట్లో ఒక్కరికైనా మీ లాక్ చెప్పండి. నేను అమ్మకు చెప్పిన. అది వేరే తలనొప్పి.)

"స్టేజీ మీద ఆ మొఖం పెడితే నాకు ఏడుపొస్తది అక్కా. నవ్వేది కావాలె."

బాపు చాయ్ గ్లాసు కింద పెట్టి, "సమ్మెల తీసిన ఫొటోల ఉంటడు గదా. గరిటె పట్టుకొని," అన్నాడు.

సమ్మె అంటే 2011 సకల జనుల సమ్మె. సెప్టెంబర్ 13న మొదలైంది, 42 రోజులు నడిచింది. బాపు వాళ్లు నెల రోజుల మీద బాయి దిగలేదు. రోజూ ధర్నాలు, రాస్తారోకోలు, రోడ్డు మీద వంటావార్పులు. అప్పట్లో బాపు దగ్గర ఒక చిన్న డిజిటల్ కెమెరా ఉండేది. ఆ ఫొటోలన్నీ మా పాత కంప్యూటర్‌లో ఉన్నయి. వేరే కాపీ లేదు.

ఆ కంప్యూటర్ గురించి చెప్పాలి. 2007లో దీపావళి బోనస్ డబ్బులతో కొన్నది. విండోస్ ఎక్స్‌పీ. డబ్బా మానిటర్. మూల గదిలో తువ్వాల కప్పుకొని ఉంటుంది. లోపల బటన్ బ్యాటరీ ఎప్పుడో అయిపోయింది, అందుకని ఆన్ చేసిన ప్రతిసారీ ఎఫ్1 నొక్కమంటది, టైం చూస్తే 2002 జనవరి 1 అని చూపిస్తది. మూడేళ్ల కింద పిడుగు పడ్డ రాత్రి దాని యూఎస్‌బీ పోర్టులన్నీ పోయినయి. కీబోర్డు, మౌస్ మాత్రం వంకాయ రంగు, పచ్చ రంగు గుండ్రటి పిన్నులవి కాబట్టి బతికినయి. డీవీడీ ట్రే తెరుచుకోదు.

అంటే పెన్‌డ్రైవ్ పెట్టే దారి లేదు. హార్డ్ డిస్క్ పీకి నా ల్యాప్‌టాప్‌కు పెడదామంటే అది వెడల్పాటి పట్టీ వైరు ఉండే పాత ఐడీఈ రకం. మంచిర్యాలకు పోయి రెండు షాపుల్లో అడ్డాప్టర్ అడిగిన. ఒకాయన నవ్విండు. ఆన్‌లైన్‌లో ఉంది, కానీ వచ్చేసరికి పెండ్లి అయిపోతది.

ఫొటో మాత్రం ఉంది. ఆన్ చేసి చూపించిన. వంటావార్పు దగ్గర పదకొండు మంది, ముందు వరుసలో కెమెరాకు దగ్గరగా కాక, చేతిలో గరిటె, పళ్లన్నీ కనబడేలా నవ్వు. చెల్లె వెంటనే ఫోన్ తీసి మానిటర్‌ను ఫొటో తీసింది. డబ్బా మానిటర్ కదా, కాక మొఖం మీదుగా నల్లటి పట్టీలు వచ్చినయి. నాలుగుసార్లు తీసినా అంతే. ఫోన్ కిందికి దించి నా దిక్కు చూసింది.

"రేపటికల్లా తీసిస్తనే," అన్న. అనేసిన.

వెనక ఒక్క పోర్టు మిగిలి ఉంది. లాన్ పోర్టు. మా ఇంటి ఫైబర్ రూటర్ నుంచి వైరు తెచ్చి పెడితే దాని పక్కన పచ్చ లైటు టిక్కు టిక్కుమంది. ఆ లైటు చూసి పని అయిపోయిందనుకున్నా.

నా ల్యాప్‌టాప్ ఏడో తరం ఐ5, సీనియర్ దగ్గర కొన్నది. విండోస్ 11 కావాలంటే ఎనిమిదో తరం నుంచి ఉండాలి, విండోస్ 10కు 2025 అక్టోబర్ 14తో సపోర్టు ఆగిపోయింది, అందుకని లినక్స్ మింట్ వేసుకున్నా. ఇక పెండ్లి కోసం హైదరాబాద్ నుంచి అక్క, బావ వచ్చి ఉన్నారు. బావ డిజైనర్, ఆయనది మ్యాక్‌బుక్. ఒకే క్వార్టర్‌లో ఎక్స్‌పీ, లినక్స్, మ్యాక్. మూడూ ఒకే రూటర్‌కు కట్టి ఉన్నయి. ఒకదానికొకటి తెలియదు.

మొదటి రాత్రి ఎక్స్‌పీలో ఫొటోల ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి షేరింగ్ పెట్టిన. ల్యాప్‌టాప్‌లో నెట్‌వర్క్ అని తెరిస్తే ఖాళీ. బావ మ్యాక్‌లోనూ ఖాళీ. గంటసేపు రెండు గదుల మధ్య తిరిగిన. అసలు సంగతి తర్వాత తెలిసింది. నెట్‌వర్క్ విండోలో పేర్లు కనబడటం వేరు, అవతలి మెషీన్ అందుబాటులో ఉండటం వేరు. పాత విండోస్ ఒక పద్ధతిలో "నేనున్నా" అని అరుస్తది, మ్యాక్, లినక్స్ ఇంకో పద్ధతిలో. ఒకరి అరుపు ఒకరికి వినబడదు. కనబడకపోతే అడ్రస్ పట్టుకొని నేరుగా ఇంటికి పోవాలి. ఎక్స్‌పీలో నల్ల స్క్రీన్ తెరిచి ఐపీకాన్ఫిగ్ కొడితే 192.168 తో మొదలయ్యే నంబర్ వచ్చింది. అది తెచ్చి ల్యాప్‌టాప్‌లో ఎస్ఎంబీ అని ముందు పెట్టి కొట్టిన.

ఈసారి ఖాళీ రాలేదు, ఎర్రర్ వచ్చింది. ఫెయిల్డ్ టు రిట్రీవ్ షేర్ లిస్ట్ ఫ్రమ్ సర్వర్, ఇన్‌వ్యాలిడ్ ఆర్గ్యుమెంట్. బావ తన మ్యాక్ నుంచి కొడితే ఇంకేదో ఎర్రర్. రాత్రి ఒకటిన్నరకు బాపు నీళ్లు తాగడానికి లేచి, "ఇంకా మాట్లాడుకుంటలేవా అవి?" అన్నాడు.

మాట్లాడుకోకపోవడానికి కారణం ఉంది. అది తెలుసుకునేసరికి తెల్లారింది, కానీ ఆ కథ నాకు భలే నచ్చింది.

కంప్యూటర్లు నెట్‌వర్క్‌లో ఫైళ్లు ఇచ్చిపుచ్చుకునే ఈ ఎస్ఎంబీ అనే భాషను 1983లో ఐబీఎంలో బ్యారీ ఫీగెన్‌బామ్ అనే ఇంజినీర్ తయారు చేశాడు. తర్వాత మైక్రోసాఫ్ట్ దాన్ని పట్టుకుని తన విండోస్‌లకు అదే అలవాటు చేసింది. మరి విండోస్ కాని మెషీన్ల సంగతి? 1991 డిసెంబర్‌లో ఆస్ట్రేలియాలోని కాన్‌బెరాలో ఆండ్రూ ట్రిడ్జెల్ అనే పీహెచ్‌డీ స్టూడెంట్‌కు నాలాంటి అవసరమే వచ్చింది. తన పీసీ, యూనిక్స్ మెషీన్ మాట్లాడుకోవాలి. ఆయన చేతిలో ఆ భాష వ్యాకరణం లేదు. వైరులో పోయే ప్యాకెట్లను పట్టుకొని చూసిండు. ఇవతలోడు ఇట్ల అడిగితే అవతలోడు ఏమిస్తున్నడు, ఇంకోలా అడిగితే ఏమిస్తున్నడు. భాష రాని ఊర్లో హోటల్‌లో మూలకు కూర్చుని, ఏ మాట అంటే సర్వర్ ఏ ప్లేటు తెస్తున్నాడో చూసి నేర్చుకున్నట్టు. కొన్ని రోజుల్లోనే, అదే భాషలో జవాబిచ్చే ప్రోగ్రామ్ రాసి, 1992 జనవరిలో అందరికీ ఉచితంగా వదిలిండు. తను నేర్చుకున్నది ఏ భాషనో అప్పటికి ఆయనకు పేరు కూడా తెలియదు.

దానికి మొదట పెట్టిన పేరు ఇంకో కంపెనీది అని తేలితే, డిక్షనరీలో ఎస్, ఎం, బీ అక్షరాలు అదే వరుసలో వచ్చే మాటల కోసం వెతికిండట. దొరికిన వాటిల్లో ఒకటి సాంబా. ఆ పేరే ఇవాళ్టికీ ఉంది. బాపుకు చెప్తే, "జూనియర్ ఎన్టీఆర్ సినిమానా?" అన్నాడు.

ఆ వ్యాకరణ పుస్తకం సాంబా వాళ్ల చేతికి అధికారికంగా రావడానికి పదహారేళ్లు పట్టింది. యూరోపియన్ కమిషన్ 2004లో మైక్రోసాఫ్ట్‌కు వ్యతిరేకంగా తీర్పిచ్చి, 2007లో కోర్టు దాన్నే ఖాయం చేశాక, ఆ డిసెంబర్‌లో 10,000 యూరోలు కట్టి సాంబా బృందం ఆ కాగితాలు తెచ్చుకుంది. మ్యాక్‌లో కూడా కొన్నాళ్లు సాంబానే ఉండేది. లైసెన్సు నిబంధనలు మారాయని 2011లో ఆపిల్ దాన్ని తీసేసి సొంతంగా రాసుకుంది. కాక రోడ్డు మీద గరిటె తిప్పుతున్న ఏడాదే.

సరే, సాంబా నా ల్యాప్‌టాప్‌లో ఉంది కదా, మరి ఎందుకు పలకదు? ఎందుకంటే ఎక్స్‌పీకి ఆ భాష మొదటి రూపం ఒక్కటే వచ్చు, ఎస్ఎంబీ1. ఇవాళ దాన్ని అందరూ బంద్ చేసిన్రు. 2017 మే 12న వానాక్రై అని ఒక రాన్సమ్‌వేర్ ప్రపంచం మీద పడ్డది, గుర్తుందా? నేను అప్పుడు స్కూల్లో ఉన్న. 150 దేశాల దాకా పాకింది, ఆంధ్రప్రదేశ్‌లో పోలీసు కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి. అది ఒక మెషీన్ నుంచి ఇంకో మెషీన్‌లోకి దూకింది ఈ ఎస్ఎంబీ1లో ఉన్న కంతలో నుంచే. అదే ఏడాది విండోస్ 10 కొత్త వెర్షన్‌లో దాన్ని ముందుగా పెట్టి ఇవ్వడం మానేశారు. 2019లో సాంబా 4.11 కూడా మామూలుగా ఆ భాషలో మాట్లాడనని ఆపేసింది.

అంటే నా ల్యాప్‌టాప్‌కు ఎక్స్‌పీ భాష వచ్చు. రానట్టు ఊరుకుంది. ఊరుకోవడమే మంచిది కూడా.

రెండో రాత్రి బావను పిలిచి ముందు రూటర్‌కు వచ్చే ఫైబర్ వైరు పీకించిన. ఇంట్లో నెట్ పోయింది, అక్క సీరియల్ ఆగింది, తిట్లు పడ్డయి. కానీ రూటర్ బతికే ఉంటది కాబట్టి ఇంట్లో మెషీన్ల మధ్య దారి తెరిచే ఉంటది. బయటి నుంచి ఎవరూ రాలేరు. అప్పుడు ల్యాప్‌టాప్‌లో సాంబా సెట్టింగ్‌ల ఫైల్ తెరిచి, గ్లోబల్ అనే భాగం కింద ఒక్క లైను రాసిన: క్లయింట్ మిన్ ప్రోటోకాల్ ఈక్వల్స్ ఎన్‌టీ1. సేవ్ చేసి మళ్లీ అడ్రస్ కొట్టిన.

పేరు, పాస్‌వర్డ్ అడిగింది. అనానిమస్ అని నొక్కిన. ఫోల్డర్ తెరుచుకుంది.

నేను అరిచిన అరుపుకు బాపు చెప్పులేసుకోకుండా వచ్చిండు.

మొత్తం 14 జీబీ. ఒక్క ఫొటో తీసుకుని ఊరుకుందామా అంటే ఆ హార్డ్ డిస్క్ మధ్య మధ్యలో కర్రుమంటుంది, ఇంకోసారి ఆన్ అవుతుందో లేదో. అంతా కాపీ పెట్టిన. సెకనుకు 9 ఎంబీ చొప్పున వచ్చింది. ఇక్కడొక మాట. "100 ఎంబీ స్పీడు" అని మనకు అమ్మేది మెగాబిట్లు. ఎనిమిది బిట్లు ఒక బైటు. కాబట్టి 100 అంటే నిజానికి సెకనుకు పన్నెండున్నర ఎంబీ, అది కూడా కాగితం మీద. ఆ పాత లాన్ కార్డు 9 ఇచ్చిందంటే చాలా మర్యాద చేసినట్టే. అర్ధగంట పట్టింది.

ఆ అర్ధగంట బాపు నా పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. వచ్చిన ఫొటో వచ్చినట్టు తెరుస్తూ పోయిన. రోడ్డు మీద పొయ్యిరాళ్లు. బతుకమ్మ ఎత్తుకున్న ఆడోళ్లు. నేను, రెండు జడలు, ముందు పన్ను లేదు. బాపు ఒక్కొక్కరిని వేలితో చూపించి, "ఈయన రిటైరైండు. ఈయన అన్‌ఫిట్ పెట్టి కొడుకుకు నౌకరి ఇప్పిచ్చిండు. ఈయన లేడు. ఈయన కూడ లేడు," అని చెప్పుకుంటూ పోయిండు. గొంతు ఏం మారలేదు. మస్టర్ పిలుస్తున్నట్టే చెప్పిండు. కాక ఫొటో వచ్చినప్పుడు మాత్రం ఏమీ అనలేదు. తర్వాత ఫొటోకు పొమ్మని చెయ్యి ఊపిండు.

కాపీ అయిపోయాక మొదట చేసిన పని ఆ లైను తీసేయడం. మీరెప్పుడైనా చేస్తే ఇది మర్చిపోకండి, ఆ తలుపు తీసిపెట్టి పడుకోకూడదు. ఆ తర్వాతే ఫైబర్ వైరు మళ్లీ పెట్టించిన. అక్క అప్పటికే పడుకుంది.

బావ మ్యాక్‌కు ఇవ్వడం ఐదు నిమిషాల పని. నా ల్యాప్‌టాప్‌లోనే ఒక ఫోల్డర్ షేర్ చేసిన, ఆయన ఫైండర్‌లో కమాండ్, కే నొక్కి నా అడ్రస్ కొట్టిండు, కొత్త భాషలో ఇద్దరూ హాయిగా మాట్లాడుకున్నరు. ఎక్స్‌పీతో ఆయన మ్యాక్‌కు పనే పడలేదు. పోతూ పోతూ నా ఫోల్డర్ నిండా చుక్కతో మొదలయ్యే చిన్న చిన్న ఫైళ్లు పడేసి పోయింది. మ్యాక్‌కు అది అలవాటట. చుట్టమొచ్చి పోయాక మంచం కింద బఠానీ పొట్టు దొరికినట్టు.

"గింత కష్టమెందుకు, వాట్సాప్‌ల పంపుతే అయిపోవు గదా" అని అమ్మ అడిగింది. పంపి చూపించిన. కెమెరా ఫొటో అడ్డంగా 3072 చుక్కలుంటే, వాట్సాప్‌లో మామూలుగా పంపింది 1600కు తగ్గింది. గుంపులో నుంచి కాకను ఒక్కడినే నడుము దాకా కట్ చేస్తే, అసలు ఫొటోలో అడ్డంగా 1200 చుక్కలు మిగులుతయి. ఎనిమిది అంగుళాల ఫ్రేముకు అంగుళానికి 150, బాగానే వస్తది. వాట్సాప్ దాంట్లో అందులో సగమే. గడ్డం వెంట్రుకలు మసక. డాక్యుమెంట్‌గా పంపితే కుదించదు, ఆ మాట నిజమే. కానీ ముందు ఎక్స్‌పీలో నుంచి బయటపడితే కదా.

ఫోన్ల మధ్య అయితే ఇంత బాధ లేదు. ఒకప్పుడు మనందరికీ షేరిట్, జెండర్ ఉండేవి. 2020 జూన్ 29న కేంద్రం ఆపేసిన 59 యాప్‌లలో అవి కూడా పోయినయి. ఇప్పుడు నేను లోకల్‌సెండ్ వాడుతున్నా. ఆండ్రాయిడ్, ఐఫోన్, విండోస్, మ్యాక్, లినక్స్ అన్నిట్లో ఉంది, ఒకే వైఫైలో ఉంటే చాలు, నెట్ అక్కర్లేదు. చెల్లె ఫోన్‌కు అసలు ఫైలు అట్లనే పంపిన. హాస్టల్‌లో మాత్రం పనిచేయదు. అక్కడి వైఫైలో ఒకరి ఫోన్ ఒకరికి కనబడకుండా కట్టేసి ఉంటది. ఇంట్లో కూడా గెస్ట్ వైఫైకి కనెక్ట్ అయి ఉంటే చాలాసార్లు ఇంతే.

తర్వాత ఒక సీనియర్‌కు ఈ కథంతా చెప్తే, "ఎక్స్‌పీలో ఎఫ్‌టీపీ ఉంటది కదా, నీ ల్యాప్‌టాప్‌లో సర్వర్ పెట్టి అక్కడి నుంచి నెట్టేస్తే అయిపోయేది," అన్నాడు. ముందు చెప్పొచ్చు కదా అన్నా.

ఫొటో స్టూడియోలో ఇంకో పంచాయితీ. అక్కడి అన్న కాకను చక్కగా కట్ చేసి, వెనకాల నీలి రంగు పరిచి, పైన కోటు, టై తొడిగిండు. చేతిలో గరిటె మాయమైంది. అందరికీ అట్లనే చేస్తరట. చెల్లె స్క్రీన్ చూసి, "అన్నా, మా బాపు జన్మల కోటు తొడగలే. ఆ చొక్కనే ఉంచు. గరిటె ఉంచు," అన్నది. ఆయన ఒక్కసారి మా ఇద్దరి మొఖాలు చూసి కంట్రోల్ జెడ్ నొక్కుతూ పోయిండు.

బాపు ఇప్పటికీ ఆ డబ్బాను పాత సామాన్లోనికి వేయనిస్తలేడు. తువ్వాల మార్చి మళ్లీ కప్పిండు. 14 జీబీ నా ల్యాప్‌టాప్‌లో ఒకటి, బావ దగ్గర ఒకటి, బయటి హార్డ్ డిస్క్‌లో ఒకటి ఉంది.

పెండ్లి నాడు స్టేజీ పక్కన కుర్చీలో ఫ్రేము పెట్టిన్రు. వచ్చినోళ్లల్లో బాయి దోస్తులు చాలామంది దాని ముందు ఆగి, సమ్మె రోజులు గుర్తు చేసుకుంటూ గుంపైన్రు. ఎవరో, "వంటలు చేసుడు గూడ వచ్చేది మనోనికి," అన్నరు.

చిన్నమ్మ చీర కుచ్చిళ్లు పట్టుకుని అటుగా పోతున్నదల్లా ఆగింది.

"ఏం వచ్చు? ఆ రోజు పప్పు మాడగొట్టిండు. నేనే మళ్ల వండిన," అన్నది.